కూర్చొని మాట్లాడితే పని ఎగ్గొట్టినట్టా?

మొన్న చలికాలంలో ఒక ఆదివారం సాయంత్రం బాలింకాలిగ్‌లో మా ఇంటికి ఒక అమ్మాయి వచ్చింది. కడప జిల్లా పిల్ల. ఈ కౌంటీలోనే ఒక నర్సింగ్ హోంలో హెల్త్‌కేర్ అసిస్టెంట్‌గా చేస్తోంది. మన ఊళ్ళో నర్సింగ్ హోం అంటే చిన్న ఆసుపత్రి. ఇక్కడ అలా కాదు, ముసలివాళ్ళు ఉండే చోటు. టీ ఇచ్చాను. కప్పు చేతిలో పట్టుకుని తాగకుండా అలాగే కూర్చుంది. ఏమైందమ్మా అంటే, "అక్కా, నాకు వార్నింగ్ లెటర్ ఇచ్చారు. పని టైంలో కూర్చున్నానంట" అంది.

జరిగింది ఇది (మనిషి తెలిసిపోకుండా వివరాలు కొంచెం మార్చాను). ఆ హోంలో ఒక పెద్దాయన ఉన్నారు. డిమెన్షియా. జీవితమంతా తాపీ మేస్త్రి, అందులో సగం ఇంగ్లండులోనే. రోజూ సాయంత్రం నాలుగైతే చాలు, కోటు వేసుకుని తలుపు దగ్గరికి పోతారు. "పనికి లేటవుతోంది, తలుపు తియ్యండి" అని బాదుతారు. ఆపితే కోపం, తోసెయ్యడం. ఈ అమ్మాయి ఏం చేసిందంటే, మెయింటెనెన్స్ చూసే అతన్ని అడిగి ఒక చెక్క ముక్క, గరుకు కాగితం తెచ్చింది. "మీ చెయ్యి పడితేగాని ఇది నున్నగా రాదు, కాస్త చూడండి" అని ఆయన పక్కన కూర్చుంది. ఆయన ఇరవై నిమిషాలు రుద్దారు. వేలితో తడిమి చూసుకున్నారు. తన మేస్త్రి గురించి, వానలో ఆగిపోయిన పని గురించి చెప్పారు. ఆ సాయంత్రం తలుపు బాదలేదు. మర్నాడూ బాదలేదు. మూడో రోజు సూపర్‌వైజర్ అటుగా వచ్చి, ఈ పిల్ల కుర్చీలో కూర్చుని ఉండడం చూశారు. పక్క గదుల్లో బెల్లులు మోగుతున్నాయి.

సూపర్‌వైజర్ చెడ్డమనిషి అని నేను ఒక్క మాటలో తేల్చెయ్యను. ఆ రోజు డ్యూటీలో ఇద్దరు తక్కువ. బెల్లు కొట్టినవాళ్ళకి బాత్రూం అవసరం ఉండొచ్చు. కానీ ఆ లెటర్‌లో ఉన్న మాట మాత్రం నేను ఒప్పుకోను. ఆ అమ్మాయి పని మానేసి కూర్చోలేదు. కూర్చోవడమే అప్పుడు ఆమె చేస్తున్న పని. నా అభిప్రాయం సూటిగా చెబుతాను: డిమెన్షియా ఉన్న మనిషికి చేతినిండా, మనసునిండా ఏదో ఒక వ్యాపకం కల్పించడం కేర్‌లో భాగం. దానికి రోస్టర్‌లో గంటలు ఉండాలి, ఆ గంటలకు జీతం ఉండాలి. ఖాళీ దొరికితే చేసేది, మంచి మనసు ఉంటే చేసేది అని వదిలేస్తే ఇటు ముసలివాళ్ళకీ అన్యాయం, అటు పనివాళ్ళకీ అన్యాయం.

ఆయన ఎందుకు తలుపు బాదుతారు?

డిమెన్షియాని మనం మతిమరుపు అని తేలిగ్గా అనేస్తాం. అది వయసుతో వచ్చే మామూలు మరుపు కాదు, మెదడు జబ్బు. ప్రపంచంలో 5 కోట్ల 50 లక్షల మందికి పైగా దీనితో ఉన్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. అందులో 60 నుంచి 70 శాతం దాకా అల్జీమర్స్ వల్ల వచ్చేదే. ఐర్లండులో సుమారు 64,000 మంది ఉంటారని ఇక్కడి అల్జీమర్ సొసైటీ లెక్క.

ఈ జబ్బులో నిన్నటి సంగతి ముందు పోతుంది, యాభై ఏళ్ళ కిందటి సంగతి చాలాకాలం నిలుస్తుంది. మాట పోయినా చెయ్యి మర్చిపోదు. బట్ట మడతపెట్టడం, చీపురు పట్టడం, తాపీ పట్టడం, జపమాల తిప్పడం లాంటివి ఒళ్ళు నేర్చుకున్న విద్యలు, అవి ఆఖర్న పోతాయి. ఆ పెద్దాయన తలుపు బాదడాన్ని కేర్ ప్లాన్‌లో "సమస్య" అని రాస్తారు. ఆయన దృష్టిలో చూడండి. యాభై ఏళ్ళు టైంకి పనికి పోయిన మనిషి. పొద్దున్నుంచీ ఎవరూ ఏ పనీ చెప్పలేదు. కుర్చీలో కూర్చోబెట్టి టీవీ పెట్టారు. లేచి పనికి పోతానంటే తప్పేముంది?

ఇంకో సంగతి. 1951 నుంచి 1961 దాకా పదేళ్ళలో ఐర్లండు నుంచి, వచ్చినవాళ్ళని తీసేస్తే, నాలుగు లక్షల మందికి పైగా వలస పోయారు. ఎక్కువమంది ఇంగ్లండుకి. మగవాళ్ళు రోడ్లు, సొరంగాలు, బిల్డింగులు కట్టారు. ఆడవాళ్ళు ఇళ్ళల్లో, ఆసుపత్రుల్లో పనిచేశారు. డబ్బులు ఇంటికి పంపించారు. ఈ కథ మీకు కొత్తగా ఉందా? కువైట్‌లో, దుబాయ్‌లో, సింగపూర్‌లో ఇప్పుడు మనవాళ్ళు చేస్తున్నది అదే. అప్పటి ఆ వలస కూలీలే కొందరు తిరిగొచ్చి ఈ రోజు ఇక్కడి కేర్ హోముల్లో ఉన్నారు. వాళ్ళ బాగోగులు చూసేది ఈనాటి వలస కార్మికులు. ఒక కార్మికుడి చేతికి ఏ పని అలవాటో ఇంకో కార్మికుడికే త్వరగా అర్థమవుతుంది. మన పిల్లకి గరుకు కాగితం తట్టింది అందుకే. వాళ్ళ నాన్న కూడా తాపీ మేస్త్రే.

చట్టం ఏం చెబుతోంది?

ఇది జాలి మీద ఆధారపడ్డ వ్యవహారం కాదు. ఐర్లండులో నర్సింగ్ హోములను హిక్వా అనే సంస్థ తనిఖీ చేస్తుంది. 2013 నాటి నిబంధనల్లో 9వది నివాసుల హక్కుల గురించి. నివాసులకు వ్యాపకానికీ వినోదానికీ సదుపాయాలు ఉండాలి, వాళ్ళ వాళ్ళ ఆసక్తినిబట్టి, శక్తినిబట్టి కార్యక్రమాల్లో పాల్గొనే అవకాశం ఇవ్వాలి అని అందులో ఉంది. "ఆసక్తినిబట్టి" అన్న మాట గమనించండి. నలభై మందిని ఒక హాల్లో కూర్చోబెట్టి బింగో ఆడిస్తే సరిపోదు. 5వ నిబంధన ప్రకారం మనిషి చేరిన 48 గంటల లోపల కేర్ ప్లాన్ రాయాలి, నాలుగు నెలలు మించకుండా దాన్ని మళ్ళీ చూడాలి. 15వ నిబంధన, అవసరానికి సరిపడా సిబ్బంది ఉండాలంటుంది.

అంటే తాపీ మేస్త్రికి చెక్కపని కల్పించడం ఆ అమ్మాయి సొంత సరదా కాదు. యాజమాన్యం చెయ్యాల్సిన పని ఆమె చేసి పెట్టింది. దానికి బదులుగా లెటర్ వచ్చింది.

ఇంకోటి. ఇక్కడ ప్రభుత్వం సాయం చేసే ఫెయిర్ డీల్ పథకంలో ఈ సామాజిక కార్యక్రమాల ఖర్చు రాదు. అందుకని చాలా హోములు కుటుంబాల దగ్గర దానికి విడిగా డబ్బు తీసుకుంటాయి. కాంట్రాక్టులో ఆ లైను ఉంటుంది. మంచిదే, తీసుకోండి. కానీ ఆ డబ్బుకి ఏ గంటలు, ఎవరి గంటలు ఇస్తున్నారో కుటుంబాలకీ తెలియాలి, పనివాళ్ళకీ తెలియాలి.

బీకాం లెక్క

నేను బీకాం చదివాను, కాబట్టి లెక్క వెయ్యకుండా ఉండలేను. ఇంగ్లండులో 69 నర్సింగ్ హోముల్లో చేసిన ఒక పెద్ద పరిశోధన 2018లో అచ్చయింది. సిబ్బందికి శిక్షణ ఇచ్చి, డిమెన్షియా ఉన్న ఒక్కొక్కరికీ వారానికి ఒక గంట, వాళ్ళకి ఇష్టమైన విషయంతో ముడిపెట్టి, మనిషి తోడు కల్పిస్తే వాళ్ళ జీవితం మెరుగుపడింది, ఆందోళన తగ్గింది. మామూలుగా నడిచే హోములతో పోలిస్తే ఖర్చు కూడా తక్కువే అయింది.

వారానికి ఒక గంట. నలభై మంది ఉన్న హోం అనుకుందాం. 40 గంటలు. గంటకు 15 యూరోల జీతం వేస్తే వారానికి 600 యూరోలు. పీఆర్ఎస్ఐ, సెలవుల జీతం అన్నీ కలిపి గంటకు 18 వేసినా 720. మనిషికి వారానికి 18 యూరోలు. ఒక్కో మనిషికి వారానికి వెయ్యి యూరోలు దాటి తీసుకునే హోములు ఇక్కడ చాలా ఉన్నాయి. అందులో ఇది వందకి రెండు రూపాయలు కూడా కాదు. "స్తోమత లేదు" అనేవాళ్ళు ఈ కాగితం ముందు పెట్టుకుని మాట్లాడాలి.

ఇప్పుడు మామూలుగా జరిగేది చూడండి. యాక్టివిటీ కోఆర్డినేటర్ అని ఒకరు ఉంటారు. వారానికి 30 గంటలు అనుకుంటే ఒక్కొక్కరికీ 45 నిమిషాలు. కాగితం మీద బాగానే ఉంది. కానీ ఎవరో ఒకరు సెలవు పెట్టగానే ఈ కోఆర్డినేటర్‌నే భోజనాలు తినిపించడానికో, మంచాలు సర్దడానికో లాగుతారు. రోస్టర్‌లో పేరు "యాక్టివిటీ" కిందే ఉంటుంది. చేసేది వేరే పని. ఆ 45 నిమిషాలు ఎక్కడికి పోయాయో ఎవరూ రాయరు. షాపులో సరుకు తక్కువైతే ఖాతాలో కనబడుతుంది. ముసలివాళ్ళ గంటలు తక్కువైతే ఏ ఖాతాలోనూ కనబడదు.

ఏది అర్థమున్న పని?

రంగు పెన్సిళ్ళు, బొమ్మలు ఇస్తే ఇష్టపడేవాళ్ళు ఉన్నారు. వాళ్ళకి ఇవ్వండి. కానీ అందరికీ అవే ఇవ్వడం పెద్దవాళ్ళని పసిపిల్లల్ని చేయడమే. నేను ఐదేళ్ళుగా వాలంటీర్‌గా పోతున్నాను. చూసినదాన్నిబట్టి నాలుగు మాటలు చెబుతాను.

మొదటిది, ముందు ఆ మనిషి ఏం పని చేసేవాడో కనుక్కోవాలి. రైతు అయితే మొక్కలకి నీళ్ళు పొయ్యమనండి. ఆఫీసు గుమస్తా అయితే కాగితాలు సర్దమనండి. ఇల్లు నడిపిన ఆవిడకి తువ్వాళ్ళు మడత పెట్టమని ఇవ్వండి, "కాస్త సాయం చెయ్యండి" అని అడిగి ఇవ్వండి. సాయం అడిగినప్పుడు వాళ్ళ ముఖంలో వచ్చే మార్పు బింగోలో బహుమతి వచ్చినా రాదు. పూర్తయ్యాక థాంక్స్ చెప్పాలి. మడత వంకరగా ఉంటే వాళ్ళ ఎదురుగా విప్పి మళ్ళీ పెట్టకూడదు.

రెండోది, తప్పు పట్టొద్దు, పరీక్ష పెట్టొద్దు. "నేనెవరో గుర్తుందా? నిన్న ఏం తిన్నావు?" అని అడగడం మనకి సరదా, వాళ్ళకి అవమానం. "పనికి పోవాలి" అంటే "నువ్వు రిటైరై పాతికేళ్ళయింది" అనకూడదు. "ఏం పని ఉంది ఇవాళ?" అని అడగండి. దారి దొరుకుతుంది.

మూడోది, పది నిమిషాలైనా చాలు, అలసిపోకముందే ఆపాలి. కత్తెర, మేకులు, మింగేసేంత చిన్న వస్తువులు దగ్గర పెట్టకూడదు. మింగడం కష్టమయ్యేవాళ్ళకి తిండితో చేసే పనులు నర్సుని అడగకుండా ఇవ్వొద్దు.

నాలుగోది భాష. జబ్బు ముదిరేకొద్దీ తర్వాత నేర్చుకున్న భాష జారిపోయి, చిన్నప్పటి భాష మిగలడం చాలామందిలో కనిపిస్తుంది. మా ఊరికి పడమటగా బాలివోర్నీ వైపు పోతే ఇప్పటికీ ఐరిష్ మాట్లాడే పల్లెలు ఉన్నాయి. ఆ వైపు పెద్దవాళ్ళతో ఐరిష్‌లో రెండు మాటలు నేర్చుకుని పలకరిస్తే చాలు. భాషకీ ఈ జబ్బుకీ సంబంధం మీద మన హైదరాబాదులోనే పేరున్న పరిశోధన జరిగింది. నిమ్స్ ఆసుపత్రిలో 648 మంది రోగులను చూసి 2013లో ప్రచురించారు. ఒక్క భాషే వచ్చినవాళ్ళకంటే రెండో భాష కూడా వచ్చినవాళ్ళకి జబ్బు నాలుగున్నరేళ్ళు ఆలస్యంగా మొదలైనట్టు తేలింది. చదువురాని వాళ్ళలో కూడా ఆ తేడా కనబడింది. తెలుగు, ఉర్దూ కలిపి మాట్లాడుకుంటూ బతికిన కూలీ మనిషి మెదడుకి కూడా విలువైన కసరత్తు జరిగినట్టేనని నేను అర్థం చేసుకున్నాను.

రేపు మనం కూడా ఇక్కడే ముసలివాళ్ళం అవుతాం. అప్పుడు నాకు ఇంగ్లీషు పోయి తెలుగే మిగిలితే, నా పక్కన ఎవరు కూర్చుంటారు? ఘంటసాల పాట పెట్టాలని ఎవరికి తెలుస్తుంది? పూలు, దారం ఇస్తే నా వేళ్ళు వాటంతట అవే మాల కడతాయని నా కేర్ ప్లాన్‌లో ఎవరు రాస్తారు? ఇవాళ మనం ఆ తాపీ మేస్త్రి గురించి అడిగితేనే రేపు మన గురించి అడిగే అలవాటు ఈ దేశంలో ఉంటుంది.

ఇళ్ళల్లో పనిచేసే చెల్లెళ్ళకి, అక్కలకి

గోదావరి జిల్లాల నుంచి, కడప నుంచి కువైట్ పోయిన ఆడవాళ్ళు ఎంతోమంది ఇంటి పని పేరుతో పోయి, ఆ ఇంటి ముసలావిడని చూసుకుంటున్నారు. వంట, శుభ్రం, పిల్లలు, వీటి మధ్యలో "అమ్మమ్మ దగ్గర కాస్త కూర్చో" అంటారు. రాత్రుళ్ళు ఆమె లేచి తిరుగుతుంటే మీరూ లేవాలి. పగలు మళ్ళీ మామూలు పని. ఆ కూర్చోవడాన్ని, ఆ లేవడాన్ని ఎవరూ పనిగా లెక్కవెయ్యరు. మీరైనా లెక్కవెయ్యండి. కువైట్‌లో 2015 నాటి 68వ నంబరు చట్టం ప్రకారం రోజుకి 12 గంటలు మించి పని చేయించకూడదు, వారానికి ఒక రోజు సెలవు ఇవ్వాలి. ఐర్లండులో రోజుకి వరసగా 11 గంటల విశ్రాంతి, సగటున వారానికి 48 గంటలకు మించని పని అని చట్టం ఉంది. ఇళ్ళల్లో పనిచేసేవాళ్ళ కోసం 2007లో విడిగా నియమావళి కూడా తెచ్చారు. ఒక చిన్న నోటుబుక్కులో తేదీ, ఎన్నింటి నుంచి ఎన్నింటిదాకా, రాత్రి ఎన్నిసార్లు లేచారు అని రాసుకోండి. తెలుగులో రాసినా పర్లేదు. గొడవ వచ్చిన రోజున అదే మీ సాక్ష్యం.

ఆ ముసలావిడతో కలిసి పప్పులో రాళ్ళు ఏరండి, చిక్కుడుకాయలు ఒలవండి. మీ పనీ సాగుతుంది, ఆమెకీ కాలక్షేపం అవుతుంది. కానీ రెండు పనులు ఒకేసారి చేస్తున్నారని మీకూ గుర్తుండాలి, వాళ్ళకీ తెలియజెయ్యాలి.

బిల్డింగ్ పని చేసే అన్నలకి, తమ్ముళ్ళకి

మీకేం సంబంధం అనుకోవద్దు. ఒక పలక మీద తలుపు గడియలు, గొళ్ళేలు, పెద్ద బోల్టులు, పీవీసీ పైపు జాయింట్లు బిగించి ఇస్తే, పని చేసి అలవాటైన ముసలి చేతులకి అది బంగారం. ఒక పాత రసమట్టం, ఒక కొలత టేపు ఇచ్చినా చాలు. సైట్‌లో మిగిలిన ముక్కలతో, మేస్త్రిని అడిగి తెచ్చుకున్నవాటితో, ఆదివారం రెండు గంటల్లో అయిపోతుంది. హోంలోకి వెళ్ళి కూర్చోవాలంటే మాత్రం ఇక్కడ ముందు గార్డా వెట్టింగ్ అయ్యుండాలి.

ఒక హెచ్చరిక, వాలంటీర్‌గా నన్ను నేను కూడా చేర్చుకుని చెబుతున్నాను. మేము వస్తున్నాం కదా అని జీతం ఇచ్చే గంటలు కొయ్యకూడదు. అలా కోసిన చోట వాలంటీర్లు ఆగిపోవడమే మేలు. మన సేవ ఇంకొకరి ఉద్యోగం తినకూడదు.

అడగాల్సినవి

హోముల్లో పనిచేసేవాళ్ళు మూడు అడగండి. రోస్టర్‌లో యాక్టివిటీ గంటలు విడిగా రాయాలి. ఆ గంటల్లో మనిషిని వేరే పనికి లాగితే, ఎందుకు లాగారో రాయాలి. ఇంటి దగ్గర కూర్చుని పాటలు, బొమ్మలు తయారుచేసే టైముకి కూడా జీతం ఇవ్వాలి. "నీకు ఇష్టంగా చేస్తున్నావు కదా" అన్న మాటకి పడిపోవద్దు. ఇష్టంగా చేసినా పని పనే.

పర్మిట్ పోతుందని భయం నాకు తెలుసు. ఈ పిల్ల కూడా రెండు రాత్రులు నిద్రపోలేదు. కానీ కొన్ని తెలుసుకోండి. 2024 సెప్టెంబరు 2 నుంచి అమల్లో ఉన్న చట్టం ప్రకారం, 9 నెలలు పనిచేశాక అదే తరహా పనిలో వేరే యజమాని దగ్గరికి మారే వీలుంది. వేతనాల, విశ్రాంతి సమయాల ఫిర్యాదులు వర్క్‌ప్లేస్ రిలేషన్స్ కమిషన్‌కి ఇవ్వాలి, మామూలుగా ఆరు నెలల లోపల. నివాసులకి హాని జరుగుతోందనిపిస్తే హిక్వాకి చెప్పొచ్చు. అలా చెప్పినవాళ్ళకి 2014 నాటి చట్టం రక్షణ ఇస్తుంది. ఒంటరిగా పోవద్దు. సిప్టు యూనియన్ ఉంది, వలస కార్మికుల కోసం మైగ్రెంట్ రైట్స్ సెంటర్ ఉంది.

మేమిద్దరం ఆ సాయంత్రం కూర్చుని లెటర్‌కి జవాబు రాశాం. ఎవరినీ తిట్టలేదు. ఆయన ఏ రోజు ఎన్నిసార్లు తలుపు బాదారో, చెక్కపని ఇచ్చిన రోజుల్లో ఏం జరిగిందో తేదీలతో రాశాం. 9వ నిబంధన పేరు రాశాం. పది రోజులకి మీటింగ్ పెట్టారు. వార్నింగ్ లెటర్ వెనక్కి తీసుకోలేదు, ఇంకా ఫైల్లోనే ఉంది. కానీ ఆయన కేర్ ప్లాన్‌లో ఒక లైను చేరింది: సాయంత్రం నాలుగింటికి చెక్కపని, 20 నిమిషాలు. పక్కన "ఎవరు చేయాలి" అనే గడి ఉంది. అది ఖాళీగా వదిలేశారు. మన పోరాటం ఇప్పుడు ఆ ఖాళీ గడి గురించే.